మంగళం పాడని ఓడదొంగ ఆట

అనగనగా ఒక సముద్రం, ఆ సముద్రం ఒడ్డున ఒక ఊరు. ఊరి పేరు గవ్వలరేవు. ఏ ఇంటి ముందు చూసినా ఆరేసిన వలలే, ఏ వీధిలోకి వెళ్ళినా ఎండుచేపల వాసనే. ఒరేయ్ కిట్టూ, కాళ్ళు ముడుచుకోరా, నా మోకాలు ముందే సలుపుతోంది. చిట్టీ, నువ్వు ఊ కొట్టాలి. ఊ కొట్టేవాళ్ళు లేకపోతే నేను గోడకి చెప్పుకోవాలి కథ.

ఆ ఊళ్ళో ఒక ఆటగాళ్ళ కుటుంబం ఉండేది. ఆటంటే మీరాడే కోతికొమ్మచ్చి కాదర్రా, వేషం కట్టి పాటలు పాడుతూ చిందులేసే ఆట. ఇంటిపెద్ద సన్యాసయ్య. ఆయనకి కోపం ముక్కుమీదుంటుంది, గొంతు మాత్రం కంచు గంటే. కొడుకు గంగులు మద్దెల వాయిస్తాడు, నోట్లో నాలుక లేని మనిషి. కోడలు పైడి. ఈ కథ ఆ పిల్లదే. ఆ రోజుల్లో ఆడవాళ్ళు వేషం కట్టి జనం ముందుకి రాకూడదనేవారు. రాకపోతేనేం, తెర వెనకాల అంతా పైడే. మామగారి ముఖానికి అర్దళమనే పసుపచ్చటి రంగు పూసేది పైడి, మేకబొచ్చుతో మీసం కట్టేది పైడి, చిరిగిన అంగరఖా కుట్టేది పైడి, ఆయన పాట మర్చిపోతే తెర సందులోంచి మెల్లిగా అందించేది పైడి. పేరు మాత్రం మామగారిది. మన ఇంట్లో పులుసు నేను పెడితే మెప్పు మీ తాతకి పోవడంలేదూ, అలాగన్నమాట.

వాళ్ళాడే ఆట సుడిగుండాల సూరన్న ఆట. సూరన్నంటే ఎవరనుకున్నారు? ఓడదొంగ! కరువొచ్చిన ఏడు జనం గంజికి ఏడుస్తుంటే, రాజుగారి ధాన్యం ఓడలకెక్కి పైదేశాలకి పోతోందట. అప్పుడు సూరన్న తన చిన్న పడవేసుకుని నడిసముద్రంలో అడ్డం తిరిగాడు. ఒక ఓడ కొట్టాడు, రెండో ఓడ కొట్టాడు, మూడో ఓడ కొట్టాడు, అలా ఏడు ఓడలు కొట్టి ఆ బియ్యమంతా ఒడ్డునున్న ఊళ్ళకి పంచాడు. ఏడో ఓడలో స్వయానా రాజుగారే ఉంటే, ఆయన్ని నీళ్ళలోకి ఒక్క తోపు తోశాడు. అప్పుడొస్తుంది పాట, 'కిరీటంలో రొయ్య దూరె, జోడులోన పీత దూరె, రాజుగారి మీసంలోన రవ్వంత నాచు దూరె' అని. పిల్లలు పొట్టలు పట్టుకుని దొర్లేవాళ్ళు. ఇదిగో, నువ్వు నవ్వుతున్నావే, అలాగే.

ఆఖర్న సైనికులు సూరన్నని నాలుగువైపులా చుట్టుముడతారు. సూరన్న ఓడ కొసన నిలబడి రొమ్ము విరుచుకుని పాడతాడు:

నేల నీదిరా రాజా, నీరు నాదిరా!
నీళ్ళమీద గీత గీసి హద్దు అన్నదెవడురా!

పాడి, సముద్రంలోకి దూకేస్తాడు. ఆ దూకిన సూరన్నని ఇప్పటిదాకా ఎవరూ పట్టుకోలేదు. మరి వేదిక మీంచి దూకితే నడుం విరగదూ? విరగదు. ముందు వరసలో కూర్చున్నవాళ్ళంతా ఒక పెద్ద వల పట్టుకుని కాచుకుని ఉంటారు. సన్యాసయ్య ఎగిరి దూకితే దబ్బున వలలో పడతాడు. వలని పట్టుకున్నవాళ్ళు ఆయన్ని అలమీద తేల్చినట్టు తేల్చి వెనక్కి పంపేస్తారు. ఆ వల అంచు ఒక్కసారైనా పట్టుకున్నవాళ్ళకి ఆ ఏడంతా చేపల వేటకి తిరుగుండదని ఊరి నమ్మకం. ఊ కొడుతున్నారా? సరే.

ఆ రాజ్యంలో ఆటగాళ్ళకి తాతలనాటి కట్టుబాట్లు రెండున్నాయి, గుర్తుపెట్టుకోండి. ముఖాన రంగున్నవాణ్ణి ఆట ముగిసి మంగళహారతి పాడేదాకా రాజైనా సరే ముట్టుకోకూడదు. రెండోది, జనం 'మళ్ళీ!' అంటే పాడినవాడు ఆ పాట మళ్ళీ పాడి తీరాలి. ఇప్పటి నాటకాల్లో వన్స్‌మోర్ అని అరుస్తారే, అదే.

అప్పుడు రాజ్యం చేస్తున్నది ఉద్దండవర్మ. సూరన్న నీళ్ళలోకి తోసిన రాజుకి సాక్షాత్తూ మనవడు. మా తాత మీసంలో నాచుందని ఊరూరా పాడతారా అని ఆయనకి ఒళ్ళు మండిపోయింది. సన్యాసయ్యని కోటకి రమ్మని కబురెట్టాడు. వేషం మూట మోసుకుని వెనకాల పైడి కూడా వెళ్ళింది. రాజుగారు చెప్పిందేమిటంటే, వచ్చే పున్నమినాడు కోట ముందు ఇసుకలో తన ఎదుట ఆట ఆడాలట. సూరన్న దూకకూడదట. తాతగారి కాళ్ళమీద పడి తప్పయిపోయిందని ఏడవాలట. అలా కాకుండా దూకాడో, మంగళం పాడిన మరుక్షణం సన్యాసయ్యకి ఉరి. ఇంకోమాట కూడా అన్నాడు, ఆట మిట్టమధ్యాహ్నం మొదలెట్టి పొద్దుండగానే ముగించాలని.

రాత్రిళ్ళు ఆడే ఆట పగలేమిటి అని పైడికి అనుమానం వచ్చింది. ఇంతలో పొద్దు గూకింది, కోటలో దీపాలు పెట్టారు. రాజుగారు లేచి లోపలికి వెళ్ళబోతూ మంత్రిగారనుకుని ఒక స్తంభానికి రేపు పెందరాళే రమ్మని చెప్పాడు. పాదం ఎత్తకుండా నేలమీద జరుపుకుంటూ, గుమ్మాన్ని వేళ్ళతో వెతుక్కుంటూ వెళ్ళాడు. చుట్టూ ఉన్నవాళ్ళంతా తలలు దించుకున్నారు. పైడికి చటుక్కున అర్థమైంది. వాళ్ళ నాన్న అచ్చం అలాగే నడిచేవాడు. రాజుగారికి రేచీకటి! చీకటి పడితే కళ్ళు కనపడవు. ఆ సంగతి నోరెత్తి చెప్పేవాడు రాజ్యంలో లేడు.

ఇంటికొచ్చాక గంగులు తండ్రిని బతిమాలాడు, ఒక్కసారికి కాళ్ళమీద పడితే పోయేదేముందని. సన్యాసయ్య వింటేనా! పట్టిన కుందేటికి మూడే కాళ్ళు. తన తండ్రి పోతూ పోతూ చెయ్యి పట్టుకుని సూరన్నని ఎవరికీ పట్టివ్వకురా అన్నాడట. నలభయ్యేళ్ళు దూకినవాణ్ణి నలభయ్యొకటో ఏడు కాళ్ళమీద పడనన్నాడు. ఉరి వేస్తే వేసుకోమన్నాడు. గంగులు గుమ్మంలో కూలబడి ఏడ్చాడు. పైడికీ ఏడుపొచ్చింది, కానీ ఏడిస్తే ఉరితాడు తెగుతుందా? ఆ పిల్ల కొంగు దోపుకుని ఊరిమీద పడింది. రొయ్యలమ్మే రావులమ్మ చెవిలో ఊదింది, రావులమ్మ పీతలమ్మే పోలమ్మ చెవిలో ఊదింది, పోలమ్మ ఉప్పమ్మే ఊర్వమ్మ చెవిలో ఊదింది, ఊర్వమ్మ ఊరందరి చెవిలో ఊదింది.

పున్నమి వచ్చింది. కోట ముందు ఇసకేస్తే రాలనంత జనం. అయ్యో, కింద ఉన్నదంతా ఇసకే కదూ, పోనీలే. రాజుగారు ఎత్తైన కుర్చీలో కూర్చున్నారు, ఉరితాడు పక్కనే వేలాడుతోంది. గంగులు మద్దెల మీద దెబ్బ వేశాడు. తెర తీశారు. పచ్చటి ముఖం, ఎర్రటి తలపాగా, చేతిలో చుక్కానితో సన్యాసయ్య ఎగిరి వచ్చి మొదటి పాట ఎత్తుకునేసరికి గుండెలన్నీ ఝల్లుమన్నాయి.

పాట అవగానే రావులమ్మ లేచి 'మళ్ళీ!' అంది. పాడాడు. పోలమ్మ 'మళ్ళీ!' అంది. పాడాడు. ఊర్వమ్మ 'మళ్ళీ!' అంది. ఒకటో ఓడ కొట్టేసరికి పొద్దు నడినెత్తిమీంచి వాలింది. మూడో ఓడ కొట్టేసరికి తాటిచెట్టంత ఎత్తుకి దిగింది. అయిదో ఓడ కొట్టేసరికి కొబ్బరిచెట్టంత ఎత్తుకి దిగింది. మంత్రికి కంగారు పుట్టి ఆపిద్దామని రాజుగారి వైపు వంగాడు. వంగితే ఏముంది, రాజుగారి పాదం తాళం వేస్తోంది! తెడ్లపాట వచ్చినప్పుడు ఆయనే ఒళ్ళు మర్చిపోయి 'మళ్ళీ!' అనేశాడు. జనం ఒక్కసారి గొల్లుమన్నారు. ఏడో ఓడ కొట్టేసరికి పొద్దు మనిషంత ఎత్తుకి దిగింది, కిరీటంలో రొయ్య దూరేసరికి కోట వెనక్కి దిగిపోయింది.

దివిటీలు వెలిగించారు. తెర వెనక పైడి సందులోంచి తొంగి చూస్తోంది. సైనికుల వేషాలు చుట్టుముట్టాయి. సన్యాసయ్య కోడలివైపు ఒక్కసారి చూసి, కొసన నిలబడి, 'నేల నీదిరా రాజా, నీరు నాదిరా' అని ఎత్తుకుని, ఒక్క దూకు దూకాడు. దబ్బుమని వల మోగింది.

రాజుగారికి దివిటీల మసక వెలుగు తప్ప ఏమీ కనపడలేదు. ఏమైందని అడిగితే కనపడలేదని ఒప్పుకున్నట్టే. అందుకని గొంతు సవరించుకుని ఇలా అన్నాడు: "చూశాం. దొంగ మా తాతగారి కాళ్ళమీద పడ్డాడు. ఇక మంగళం పాడండి."

పైడి అనుకున్నది అనుకున్నట్టే అయింది. ఉరి తప్పింది. అయినా ఎవరికీ సంబరం లేదర్రా. వల పట్టుకున్న చేతులు కిందికి జారిపోయాయి. వలలో ముసలాయన ముఖం మీద అర్దళం కన్నీళ్ళకి చారలు కడుతోంది. అప్పుడు తెలిసింది పైడికి, మామగారి ప్రాణం దక్కిందిగానీ సూరన్న దక్కలేదని. రాజుగారి నోట వచ్చిందే రేపు రాజ్యమంతా చెప్పుకుంటారు. ఏ రాజూ పట్టుకోలేని సూరన్నని తన తెలివే పట్టిచ్చింది. ఆ పిల్లకి తనమీద తనకే అసహ్యమేసింది.

ఈలోగా సన్యాసయ్య వలలోంచి లేచి నేను దూకానని అరవబోయాడు. అరిచాడా, ఉరే! పైడి తెర చింపుకుని బయటికి ఉరికి, మామగారి నోరు గట్టిగా మూసేసింది. మామగారి నోరు మూసిన కోడలిని మీరెక్కడైనా విన్నారా? మా మామగారి ఎదుట నేను ఏనాడూ తలెత్తి ఎరగను. ఆయన్ని గంగులుకి అప్పగించి, అంతమంది జనం మధ్యలోంచి నడిచి, తిన్నగా రాజుగారి కుర్చీ దగ్గరికి వెళ్ళింది. కాపలావాళ్ళు ఈటెలు అడ్డం పెట్టారు. మామగారికి పూసేటప్పుడు పైడి ముఖానికీ అర్దళం అంటుకుని ఉంది మరి, ముట్టుకుంటే ఒట్టు! పైడి వంగి, రాజుగారికి తప్ప ఇంకెవరికీ వినపడకుండా చెవిలో చెప్పింది.

"మహారాజా, మా మామ దూకాడు. మీకు కనపడలేదని నాకు తెలుసు. మా నాన్నకీ ఇలాగే ఉండేది. సొరచేప కార్జం వండి నలభై రోజులు పెడితే తగ్గింది. మీకూ నా చేత్తో వండి పెడతాను. తగ్గాక మీ కళ్ళతో చూసి, అప్పుడు తీర్పు చెప్పండి. అందాకా మంగళం పాడనివ్వకండి."

పుట్టి బుద్ధెరిగాక ఆ మాట రాజుగారితో ఎవరన్నారని? కోపం వచ్చింది, సిగ్గేసింది, ఆ తర్వాత చిన్నపిల్లాడిలా అడిగాడు: "మీ నాన్నకి నిజంగా తగ్గిందా?"

ఇప్పుడు వెన్నెల్లో కూర్చుని వల అల్లుకుంటున్నాడని పైడి చెప్పింది. రాజుగారు ఆట ఇంకా అవలేదు, మిగతాది నలభై రోజుల తర్వాత అని చాటించాడు.

ఇక చూడండి సన్యాసయ్య అవస్థ! మంగళం పాడలేదు కాబట్టి రంగు కడగడానికి లేదు. కడిగితే పట్టుకుపోతారేమోనని భయం. పచ్చముఖంతో నిద్ర, పచ్చముఖంతో చద్దన్నం, పచ్చముఖంతో సంత. మెడ కిందికే స్నానం. చంటిపిల్లలు చూసి ఏడుపు, కుక్కలు చూసి అరుపు. మీసం ఊడితే పైడి మళ్ళీ కట్టడం. ఇటు మామగారికి రంగు, అటు రాజుగారికి కార్జం. అది తినడం తేలికనుకున్నారా? ఆ నీచుకంపుకి రాజుగారు ముక్కు మూసుకుని, కళ్ళు మూసుకుని, ఆకుకూర తిననని నువ్వు మారాం చేస్తావు చూడు కిట్టూ, అంతకంటే ఎక్కువ మారాం చేశాడు. పైడి తల్లిలా గదమాయించి తినిపించింది.

నలభయ్యో రోజు పొద్దుగూకింది. దివిటీలు వెలిగాయి, సూరన్న కొసకెక్కాడు, పాడాడు, దూకాడు. అంచులు పట్టుకున్న చేతులు, పైకి లేచిన వల, అందులో తేలిపోతున్న పచ్చటి ముఖం, పైన ఆకాశం నిండా చుక్కలు. అన్నీ రాజుగారు చూశాడు. లేచి నిలబడి, అందరికీ వినపడేలా చెప్పాడు.

"ఆ రోజు నాకు కనపడలేదు. చూశానని అబద్ధమాడాను. ఇవాళ చూశాను. సూరన్న దూకాడు."

చెప్పి, కుర్చీ దిగి, ఇసుకలో చెప్పుల్లేకుండా పరిగెత్తుకొచ్చి, రావులమ్మ పక్కన నిలబడి వల అంచు పట్టుకుని 'మళ్ళీ!' అన్నాడు. మా తాతని కూడా మళ్ళీ తొయ్యండి, ఆ నాచు సరిగ్గా చూడలేదు అన్నాడు. ఇక ఆ రాత్రి చూడాలి ఆ సంబరం! సన్యాసయ్య ఎన్నిసార్లు దూకాడో ఎవరికీ తెలీదు. చివరిసారి సూరన్న వేషం పైడి కట్టింది. మామగారే తన చేత్తో ఆ పిల్ల ముఖానికి అర్దళం పూశాడు.

అప్పట్నుంచీ గవ్వలరేవులో ఆ ఆటకి మంగళం పాడరు. మంగళం పాడితేనే కదా పట్టుకునేది! అందుకని సూరన్న ఇంకా సముద్రంలోనే ఉన్నాడు. మనిషికి కనపడనప్పుడు కనపడలేదని చెప్పుకోవాలర్రా, చెబితే పక్కవాళ్ళు కాస్త కూరైనా వండి పెడతారు. రేపట్నుంచి మునగాకు తినాలి, విన్నావా కిట్టూ?

మంగళం లేని కథ కదా, ఇది కంచిదాకా పోలేదు. దారిలో వలేసుకుని పడుకుంది, మనమూ దుప్పట్లోకి దూరదాం.

ఏంటే చిట్టీ? మళ్ళీనా? హవ్వ! కట్టుబాటు కాబట్టి కాదనకూడదు. అనగనగా ఒక సముద్రం... ఊ కొట్టండి మరి.