సూర్యుడు ఎండబెట్టిన చేపలు

అనగనగా సముద్రపు ఒడ్డున ఒక చిన్న రాజ్యం. అక్కడి రేవులో చేపలు ఎండబెట్టే ఆడవాళ్లకి మసేనమ్మే పెద్దదిక్కు. ఎండైనా వానైనా ఇసుకలోనే పని కాబట్టి, ఒక తాటాకు పాక వేయించమని ఆమె రేవు అధికారి భుజంగరావుని అడిగింది.

ఆయన నవ్వాడు. "చేపల్ని పట్టేది మగాళ్లు, ఎండబెట్టేది సూర్యుడు. మధ్యలో మీరు చేసేదేముంది? పో, రాజుగారి విందుకి ఒక గంపెడు ఎండు నెత్తళ్లు సిద్ధం చెయ్యి."

ఆ మాట మసేనమ్మకి గుచ్చుకుంది. అయినా "అలాగే బాబూ" అని వచ్చేసింది. పడవలోంచి దిగిన నెత్తళ్లని దిగినట్టే ఇసుకలో పోయించింది. ఉప్పు పట్టించలేదు, తిరగెయ్యలేదు, కాకుల్ని తోలలేదు, చినుకులు పడితే ఎత్తలేదు. చూస్తున్న ఆడవాళ్లకి చేతులు ఊరుకోలేదు. ఆమె కళ్లతోనే వారించింది.

విందునాడు రాజుగారి ముందు మసేనమ్మ తెచ్చిన గంప మూత తియ్యగానే అందరూ ముక్కులు మూసుకున్నారు. భుజంగరావు మండిపడ్డాడు.

"నేనేం చేశాను మారాజా?" అంది మసేనమ్మ. "మగాళ్లు పట్టారు, సూర్యుడు ఎండబెట్టాడు. మధ్యలో మేం చేసేదేమీ లేదని బాబుగారే అన్నారు. అందుకే చెయ్యి పెట్టలేదు."

రాజు గంపనీ, ఉప్పుకి పగిలిన ఆమె చేతుల్నీ మార్చి మార్చి చూశాడు.

"ఏం కావాలమ్మా?"

"సాయంత్రమైతే సూర్యుడికైనా దిగిపోయే చోటుంది మారాజా. ఆయనతో సమానంగా పనిచేసే మాకు కూర్చోడానికి నీడైనా లేదు."

రాజు ఆలోచించి, పాక లేచేదాకా రేవులో కాకుల్ని తోలే పని భుజంగరావుకి అప్పగించాడు.

పాక తొందరగానే లేచింది.