ఏ కాలు, నాయనా?

వానాకాలం మొదట్లో చాకిరేవు వాగు ఒడ్డున జంతువుల సభ జరిగేది. వాగు పొంగకముందే అందరినీ గుట్ట మీదికి కదిలించాలి. ఎవరి మాటకు అందరూ లేచి నడుస్తారో, గుట్ట మీది పొడి గుహ ఆ ఏడు వాళ్లది.

మూడేళ్లుగా ఆ గుహ గాడిదకే దక్కుతోంది. నక్కకు ఇది అంతుపట్టలేదు. గాడిద నోరు తెరిస్తే కాకులు సైతం లేచిపోతాయి. తనదేమో సానపట్టిన గొంతు. మరి దాని మాటలో ఏముంది?

కనుక్కుందామని నక్క ఒకరోజు గాడిద వెనకే నక్కి నక్కి తిరిగింది. గాడిద కుందేలు దగ్గర ఆగి, "కాలు ఎలా ఉందమ్మా?" అంది. కుందేలు ముఖం విప్పారింది. ఆ తర్వాత మేక దగ్గర ఆగి, "కాలు ఎలా ఉందే?" అంది. మేక దగ్గరికి జరిగింది.

"ఓహో, ఇదా కిటుకు!" అనుకుంది నక్క. వాళ్లేం బదులు చెప్పారో వినకుండానే ఇంటికి పరుగెత్తి, ఆ మూడు మాటలూ వల్లె వేసింది.

సభ రోజు ఎగువన మబ్బు నల్లగా దిగింది. వాగు నీళ్లు అప్పటికే ఎర్రబడ్డాయి. నక్క బండరాయి ఎక్కింది. ముందు వరసలో చుట్ట చుట్టుకుని ఉన్న ముసలి జెర్రిపోతు వైపు వంగి, గొంతులో తేనె పోసుకుని అడిగింది.

"కాలు ఎలా ఉంది, తాతా?"

జెర్రిపోతు మెల్లగా తలెత్తింది. "ఏ కాలు, నాయనా?"

నక్క కంగారుగా కొంగ వైపు తిరిగింది. "అమ్మా, నీ రెండో కాలు ఏమైంది?"

"కడుపు కింద ముడుచుకున్నా. కావాలా?"

సభ పడీ పడీ నవ్వింది. నక్కకు ఒళ్లు మండింది. "మీ మేలు కోరి చెబుతుంటే ఇకిలిస్తారేం? వాగొస్తోంది, లేవండి!"

"చూద్దాంలే," అని మేక నెమరు మొదలుపెట్టింది. ఒక్కరూ కదల్లేదు. నీళ్లు బండ అంచును తాకాయి.

అప్పుడు గాడిద ముందుకొచ్చింది. బండ ఎక్కలేదు.

"జెర్రిపోతు మామా, కుబుసం విడిచే రోజులు, కళ్లు మసకగా ఉన్నాయన్నావు. నా మెడకు చుట్టుకో. కుందేలమ్మా, ముల్లు తీసినచోట ఇంకా సలుపుతోందన్నావుగా, వీపెక్కు. మేకా, నీ గిట్ట వాపు తగ్గలేదు, నాతోపాటు నెమ్మదిగా నడువు. నీళ్ల రంగు చూశారుగా, ఎగువన వాన పడింది. పదండి."

గొంతు ఎప్పటిలాగే చెవులు చిల్లులు పడేలా ఉంది. అయినా అందరూ లేచారు. వాళ్లు గుట్ట సగం ఎక్కేసరికి కింద బండ మునిగిపోయింది.

అందరికన్నా ఆఖర్న నక్క గుహ ముందుకు చేరింది.

"వదినా, నువ్వు అడిగిందే నేనూ అడిగాను. ఎక్కడ బెడిసింది?"

"అడిగాక, జవాబు వినేదాకా ఆగావా?"

నక్క తోకను కాళ్ల మధ్యకు లాక్కుంది.

"తోక ఎలా ఉంది?" అంది గాడిద, దాని వైపే చూస్తూ.

నక్క కాసేపు బెట్టు చేసింది. గాడిద చూపు తిప్పుకోలేదు.

"తడిసి ముద్దయింది," అంది నక్క చివరికి.

"అయితే లోపలికి జరుగు."

నీతి: జవాబు కోసం ఆగనివాడు ఎంత తియ్యగా పలకరించినా అది ఒట్టి చప్పుడే.