ఎల్లాజీ పట్టు

ఇది చెప్తే మీరు నమ్మరు. దమ్ముంటే నమ్మి చూడండి. కాలు దొరికితే చచ్చినా వదలని ఎల్లాజీ, చేతికి దొరికిన కాలిని వదిలేశాడు. అదీ గున్నయ్య మాస్టారి కళ్ళ ముందే, నేను చూస్తుండగానే.

మాస్టారు బీచ్‌లో కబడ్డీ నేర్పుతారు. ఏదడిగినా నోటితో జవాబు చెప్పరు. విజిల్ ఊది కోర్టులోకి దింపుతారు, అంతే.

ఆరోజు అడిగింది నూకరాజు. జిల్లాలో వాడిలా కూతకెళ్ళేవాడు లేడు. ఒక్క ఊపిరి పట్టి "కబడ్డీ కబడ్డీ" అంటూ గీత దాటాడంటే, ఎంతమంది మీద పడ్డా జారిపోయి వచ్చేసేవాడు. పోయిన వేసవిలో ప్రాక్టీసు ఆటలో ఎల్లాజీ వాడి చీలమండ పట్టి లాగాడు. నూకరాజు పడ్డాడు, కూత ఆగింది. అందరూ ఎల్లాజీకి చప్పట్లు కొట్టారు. పడ్డోడు లేవట్లేదని ముందు చూసింది కూడా ఎల్లాజీయే. చూస్తే నూకరాజు గుండె ఆగిపోయింది. ఎన్‌సీసీ క్యాంపులో నేర్పినట్టు, అంబులెన్స్ వచ్చేదాకా ఎల్లాజీయే వాడి ఛాతీ నొక్కుతూ కూర్చున్నాడు. పక్కటెముకలు విరిగాయి గానీ నూకరాజు బతికాడు. ఇప్పుడు వాడి భుజం కింద, చర్మం లోపల, అగ్గిపెట్టంత మిషనుంది, గుండె ఆగితే మళ్ళీ కొట్టించేది.

"డాక్టరుగారు వద్దంటున్నారు మాస్టారూ. ఆ తర్వాత నీ ఇష్టం అన్నారు. కూతకెళ్ళకపోతే నేనెవడిని? మీరు ఊ అంటే సెలక్షన్లకి పోతాను. ఆడొచ్చా?"

మాస్టారు విజిల్ ఊది ఎల్లాజీ వాళ్ళని కోర్టులోకి దింపారు. "పరుగొద్దు. నడుచుకుంటూ ఒక్క కూత పెట్టు. వీళ్ళు పట్టుకుంటారు, పడెయ్యరు."

"కొత్తగా చేరినోళ్ళ ఆట కదా మాస్టారూ అది," అని నవ్వాడు నూకరాజు. అయినా గీత దాటాడు. కోర్టు ఇసక కాలికి తగలగానే ప్రాణం లేచొచ్చింది వాడికి.

మామూలుగా అయితే అవతలోళ్ళు "రారా రొయ్యపొట్టూ" అని ఏడిపించేవాళ్ళు. ఈసారి అదీ లేదు. అందరూ వాడి ఊపిరే వింటున్నారు. నూకరాజు కాలు చాపాడు. ఎల్లాజీ పట్టాడు, వదిలేశాడు.

"ఏట్రా, చేతికి నూనె రాసుకొచ్చావా?" అన్నాడు నూకరాజు.

"ఇసక. జారిపోయింది," అన్నాడు ఎల్లాజీ, తలెత్తకుండా.

మాస్టారు మళ్ళీ విజిల్ ఊదారు. ఈసారి నూకరాజు నేరుగా వెళ్ళి వాడి ముందే కాలు పెట్టి నిలబడ్డాడు. నోట్లో కూత, కళ్ళల్లో "పట్టరా, సిగ్గుంటే" అన్నట్టు సవాలు.

ఎల్లాజీ పట్టాడు. గట్టిగా పట్టాడు. అంతలోనే పట్టు సడలింది. వేళ్ళు మెల్లగా చీలమండ వెనక్కి పాకి, అక్కడ ఆగిపోయాయి. ఇదేదో కొత్త పట్టనుకున్నాడు నూకరాజు. తర్వాత అర్థమైంది. వాడు నాడి వెతుకుతున్నాడు.

కూత దానంతట అదే ఆగింది, నూకరాజు ఇసకలో కూర్చుండిపోయాడు.

ఆగిందో లేదో, ఎల్లాజీ రెండో చెయ్యి వాడి ఛాతీ మీదికొచ్చేసింది. పెదాలు ఆరోజు ఛాతీ నొక్కినప్పటిలాగే లెక్కపెడుతున్నాయి.

"ఒరే, ఉన్నాన్రా," అన్నాడు నూకరాజు. "ఉన్నాను. చూడు."

ఎల్లాజీ వినలేదు. చెయ్యి తియ్యలేదు.

మాస్టారు వచ్చి వాళ్ళ పక్కన ఇసకలో కూలబడ్డారు. ఎల్లాజీ వేళ్ళు ఒక్కొక్కటే చీలమండ మీంచి విడదీశారు, ముల్లు తీసినంత నెమ్మదిగా. అప్పుడు నూకరాజు వైపు తిరిగారు.

"నీ గుండెకి మిషనేశారు. మరి ఈడి చేతులకి ఏటేస్తార్రా?"

నూకరాజు లేచాడు. ఇసక దులుపుకోలేదు. గీత దాకా నడిచి, దాన్ని కాలితో చెరిపేసి, అక్కడ... ఉండండి, అమ్మ పిలుస్తోంది, కుళాయి వచ్చిందంట