మూడో పిలుపు

కుళ్ళాయమ్మకు ముప్పై అయిదు నిమిషాలిస్తే ఇరవై ఆరు నిమిషాల్లో వ్యాసం ముగించేది. మిగిలిన తొమ్మిది నిమిషాలూ చేతులు కట్టుకుని కూర్చునేది. అయినా నిరుడు న్యాయకళాశాల ప్రవేశపరీక్షలో ఆమె తప్పింది ఆ వ్యాసం దగ్గరే. మిగతా పేపర్లన్నిట్లో నూటికి ఎనభై దాటాయి. వ్యాసానికి మాత్రం నలభైకి పదకొండు వేశారు.

ఇంకొకరైతే ఏం తప్పు రాశామా అని వెనక్కి తిరిగి చూసుకుంటారు. ఈ పిల్ల మాత్రం తన వేగం చాలలేదనుకుంది. ఇరవై ఆరు నిమిషాలను ఇరవై రెండుకు దించాలనీ, మూడు పేజీలను నాలుగు చేయాలనీ పంతం పట్టింది. వయసు ఇరవై మూడు దాటుతోంది. ఈ ఏడు కూడా తప్పితే ఇక చదువు మాట మరిచిపోవాలని తనకు తానే గడువు పెట్టుకుంది.

ఆ తొందర ఊరికే పట్టుకున్నది కాదు. ఆమె తండ్రి ఎద్దుల ఓబులేసుకు మూడెకరాల రాతినేల ఉండేది. దానికి వెళ్ళే బండిదారికి పక్క చేనువాళ్ళు ముళ్ళకంచె కొడితే, న్యాయం కావాలని తాలూకా ఊళ్ళోని కోర్టుకెక్కాడు. వాయిదా రోజున పొద్దున పదింటి నుంచి కోర్టు ముందు నిలబడ్డాడు. వకీలు ఆ రోజు జిల్లా కోర్టుకు వెళ్ళి ఉన్నాడు. మధ్యాహ్నం మూడైంది. గొంతు ఎండిపోతోందని చేతిపంపు దగ్గరికి వెళ్ళాడు. సరిగ్గా అప్పుడే అతని పేరు పిలిచారు. కోర్టులో పేరు మూడుసార్లు పిలుస్తారు. మూడుసార్లకూ పలకకపోతే మనిషి రానట్టే లెక్క. తడి చేతులతో పరుగెత్తుకుంటూ వచ్చేసరికి లోపల వేరేవాళ్ళ కేసు నడుస్తోంది. ఓబులేసు కేసు కొట్టేశారు.

మళ్ళీ అర్జీ పెట్టుకోవచ్చని వకీలు తరవాత చెప్పాడు. ఓబులేసు పెట్టుకోలేదు. పిలిచినప్పుడు పలకనోణ్ణి మళ్ళీ ఎవరు వింటారన్నాడు. చేను బీడుపడింది. అప్పటినుంచి ఆ మనిషి తొమ్మిదింటి బస్సుకు ఆరింటికే వెళ్ళి నిలబడేవాడు. పెళ్ళిళ్ళకు పందిరి వేయకముందే చేరేవాడు. కూతురు కూడా అలాగే తయారైంది. రెండేళ్ళ కిందట అతను పోయాడు. తల్లి అంతకు ముందే పోయింది.

ఇప్పుడు కుళ్ళాయమ్మ అదే తాలూకా ఊళ్ళో, అదే కోర్టు ఎదురుగా ఉన్న జిరాక్స్ షాపులో టైపు చేస్తుంది. షాపు పైన ఒక్క గది అద్దెకు తీసుకుంది. రోజంతా ఎవరెవరి మొరలో టైపు చేసే ఆ పిల్లతో మాట్లాడేవాళ్ళు లేరు. శనివారం సాయంత్రం షాపు మూసేటప్పుడు ఓనరుతో "వస్తానన్నా" అంటుంది. మళ్ళీ సోమవారం పొద్దున "వచ్చినానన్నా" అనేదాకా ఆ నోట రెండో మాట పుట్టని వారాలు చాలా ఉన్నాయి.

ఆమె కష్టం చూసి, షాపుకు వచ్చే రంగనాయకులనే ముసలి వకీలు ఒక సలహా చెప్పాడు. వ్యాసం సంగతి తేలాలంటే దఫేదారు ఖాసీం సాహెబు దగ్గరికి వెళ్ళమన్నాడు.

కుళ్ళాయమ్మకు చిన్నతనమనిపించింది. ఖాసీం సాహెబు చదివింది అయిదో తరగతి. ఎర్ర పటకా, ఇత్తడి బిళ్ళ వేసుకుని ముప్పై నాలుగేళ్ళు కోర్టు మెట్టు మీద నిలబడి పేర్లు పిలిచిన మనిషి. కానీ ఒకప్పుడు కుర్ర వకీళ్ళు తమ వాదన జడ్జి ముందు చెప్పేముందు ఆయన ముందు చెప్పుకునేవారట. ఆయన కళ్ళు మూసుకుని వినేవాడట. ఎక్కడ కళ్ళు తెరిచాడో అక్కడ వాదన చెడిందని గుర్తు. రంగనాయకులంతటివాడు ఆ మాట చెబుతుంటే కొట్టిపారేయలేక వెళ్ళింది.

ఖాసీం సాహెబు కోర్టు వెనక సందులో ఒంటరిగా ఉండేవాడు. భార్య పోయి ఆరేళ్ళయింది. రిటైరై తొమ్మిదేళ్ళయింది. వకీళ్ళు రావడం ఎప్పుడో మానేశారు. ఆమె వెళ్ళేసరికి వరండాలో కూర్చుని చేటలో కందిపప్పు ఏరుతున్నాడు. ఒక్క మనిషికి కావలసిన పప్పు ఎంత ఉంటుంది? అయినా సాయంత్రమంతా దాన్నే ఏరేవాడు.

సంగతి విని, "చదువు పాపా," అన్నాడు.

ఆమె ఆ రోజు రాసింది చదివింది. ఆయన పప్పు ఏరుతూనే విన్నాడు. అయిపోయాక, "రేపు రా," అన్నాడు.

మర్నాడూ అంతే. మూడోనాడూ అంతే. బాగుందనడు, బాగాలేదనడు. పద్ధెనిమిది సాయంత్రాలు ఆమె చదివింది, ఆయన రేపు రమ్మన్నాడు. కళ్ళు మూసేదీ లేదు, తెరిచేదీ లేదు. గదికి తిరిగి వెళ్తూ ఈ ముసలాయన దగ్గర కాలం వృథా చేస్తున్నానని రోజూ విసుక్కునేది. మర్నాడు అయిదు కాకముందే అదే సందులో ఉండేది. నిజం చెప్పాలంటే ఆమె వెళ్తున్నది వ్యాసం కోసం కాదు. తను చదువుతుంటే ఒక మనిషి ఎదురుగా కూర్చుని వింటున్నాడు. నాన్న పోయాక ఆమెకు అది దొరకలేదు.

పరీక్షకు ఎనిమిది రోజులున్నాయనగా, ఆదివారం మధ్యాహ్నమే వెళ్ళింది. చేతిలో కొత్త వ్యాసం ఉంది. ఇరవై రెండు నిమిషాలు, నాలుగు పేజీలు. అనుకున్నది సాధించిన ధీమా నడకలోనే కనబడుతోంది. ఈ రోజు ఏదో ఒకటి చెప్పాల్సిందేనని వరండా ఎక్కుతూనే పట్టుబట్టింది.

ఆయన చేట పక్కన పెట్టాడు. ముందు ప్రశ్న చదవమన్నాడు.

ప్రశ్న ఇది. ఒక పట్టణ గ్రంథాలయంలో ఒకే ఒక్క ఉద్యోగం ఉంది. అభ్యర్థులు ఇద్దరు. వినోదిని కొత్తగా చదువుకుని వచ్చిన అమ్మాయి. గ్రంథాలయం మొత్తాన్ని కంప్యూటర్లోకి ఎక్కించగలదు. పరశురాముడు ఇరవై రెండేళ్ళుగా అక్కడే దినకూలీకి పుస్తకాలు సర్దుతున్నవాడు. ఒకరిని ఎంచుకుని సమర్థించాలి. ఫలానాదే సరైన జవాబని లేదు.

కుళ్ళాయమ్మ వినోదినిని ఎంచుకుంది. ప్రశ్న చదవడం అర నిమిషం, ఎంచుకోవడం అర నిమిషం. నాలుగు పేజీల్లో వినోదిని చదువు, వినోదిని తెలివి, వినోదిని చేతిలో గ్రంథాలయం భవిష్యత్తు. గుక్క తిప్పుకోకుండా చదివింది. వాక్యాలు బాగున్నాయి కూడా, కాదనడానికి లేదు. మూడో పేజీ అడుగున, "ఏళ్ళ తరబడి ఒకచోట ఉండటమే అర్హత కాబోదు" అనే ఒక్క వాక్యం వచ్చింది.

అక్కడ ఖాసీం సాహెబు కళ్ళు తెరిచాడు. అప్పటిదాకా మూసుకుని ఉన్నాడని ఆమెకు అప్పుడే తెలిసింది.

"ఆ రెండో ఆయప్ప పేరు ఏమంటివి?"

"పరశురాముడు."

ఆయన లేచాడు. చేతులు కడుక్కున్నాడు. చొక్కా బొత్తాలు మెడదాకా పెట్టుకున్నాడు. వరండా అంచున, మెట్టు మీద, నిటారుగా నిలబడ్డాడు. డెబ్బై ఏళ్ళ ఆ ఛాతీలోంచి అంత గొంతు వస్తుందని ఆమె అనుకోలేదు.

"పరశురాముడూ..."

సందు చివర కుళాయి దగ్గర ఒకామె తలెత్తి చూసింది. ఆయన ఆగాడు. రావాల్సిన మనిషి ఎక్కడున్నా అడుగు కదిపి రావడానికి ఎంతసేపు పడుతుందో, అంతసేపు ఆగాడు. మళ్ళీ పిలిచాడు.

"పరశురాముడూ..."

ఎదురింటి తలుపు తెరుచుకుని మళ్ళీ మూసుకుంది. ఖాసీం సాహెబు కాసేపు చూశాడు. తరవాత మెట్టు దిగాడు. చెప్పులు కూడా వేసుకోకుండా ఎండలో సందు మలుపు దాకా నడిచి, అక్కడ నిలబడి, అటూ ఇటూ చూస్తూ మూడోసారి పిలిచాడు. ఆ పిలుపులో ముందటి దర్పం లేదు. ఇంట్లోవాళ్ళు అన్నానికి రమ్మని పిలిచే గొంతుతో పిలిచాడు.

ఎవరూ పలకలేదు. ఎవరు పలుకుతారు, ఆ పేరుగల మనిషి ఆ సందులోనే లేడు.

తిరిగి వచ్చి కూర్చుని చేట ఒళ్ళో పెట్టుకున్నాడు. "రాలేదు. నువ్వు రాసింది రాసినావు గదా, మిగిలింది చదువు."

కుళ్ళాయమ్మ నాలుగో పేజీ తీసింది. చదవకుండానే దాన్ని ఒళ్ళో బోర్లించింది. ఆ కోర్టు ఎదురుగానే బతుకుతూ, ఆ కోర్టు దఫేదారు ముందే రోజూ కూర్చుంటూ, ఏళ్ళు లెక్క వేసుకుంటే ఏనాడో తెలిసిపోయేది. వేసుకోలేదు. వేసుకోవడానికి భయపడింది.

"మా నాయన పేరు ఎద్దుల ఓబులేసు, తాతా. పదకొండేండ్లయింది. ఆయన్ని పిలిచింది నువ్వేనా?"

ఖాసీం సాహెబు వేళ్ళు పప్పులో ఆగిపోయాయి.

"వేల పేర్లు పిలిచినా పాపా. పలికినోళ్ళు ఒక్కరూ గ్యాపకం లేరు."

చేటలోకే చూస్తూ మిగతాది చెప్పాడు. ఆ రోజు మూడోసారి పిలిచేటప్పుడు చేతిపంపు దగ్గర ఒక మనిషి వంగి దోసిట్లో నీళ్ళు పట్టుకుని తాగుతున్నాడట. పంపు చప్పుడుకు అతనికి వినబడటం లేదు. మెట్టు మీద నుంచి అతను కనిపిస్తూనే ఉన్నాడు. ముప్పై అడుగులు కూడా ఉండదు.

"దఫేదారు మెట్టు దిగకూడదు," అన్నాడు. "దిగలేదు."

ఆమెకు కోపం వచ్చింది. పదకొండేళ్ళ కోపం. ఆయన్ని ఏమైనా అనాలనుకుంది. ఎదురుగా ముసలి మనిషి, కాళ్ళకు సందులో దుమ్ము. లేచి కాగితాలు మడిచి వెళ్ళిపోయింది. ఆ రోజు ఆయన రేపు రమ్మనలేదు.

మరుసటి రెండు సాయంత్రాలు ఆమె వెళ్ళలేదు. గదిలో కూర్చుని ఒక్క వాక్యం కూడా రాయలేకపోయింది. మూడోరోజు వెళ్ళింది. వ్యాసం తీసుకెళ్ళలేదు. చేటకు రెండో పక్క కూర్చుని తానూ పప్పు ఏరింది. పరీక్ష ముందురోజు దాకా అలాగే సాగింది.

పరీక్ష జిల్లా ఊళ్ళో. హాల్లో రెండు వందలమంది ఉన్నారు. చివరి పేపరు వ్యాసం. గంట కొట్టగానే చుట్టూ కలాలన్నీ ఒక్కసారి కాగితం మీద పడ్డాయి. ప్రశ్న ఒక ఊరి చెరువు గురించి. దాన్ని చేపలు పెంచేవాళ్ళకివ్వాలా, వరి వేసేవాళ్ళకు వదలాలా అని. కుళ్ళాయమ్మ అర నిమిషంలో పక్షం ఎంచుకుంది. అలవాటు అంత త్వరగా పోదు. కలం ఎత్తింది.

ఎత్తిన కలం కింద పెట్టింది.

గోడ గడియారంలో రెండు నిమిషాలు గడిచాయి. మూడు గడిచాయి. చుట్టూ పేజీలు తిరుగుతున్నాయి. పర్యవేక్షకురాలు దగ్గరికి వచ్చి పెన్ను రాయడం లేదా అని అడిగింది. కుళ్ళాయమ్మ తల అడ్డంగా ఊపి కిటికీ బయటికి చూసింది. అంతమందిలో అంత ఒంటరిగా ఆమె ఎన్నడూ కూర్చోలేదు. తను ఎంచుకోని పక్షంవాడు నడిచి రావడానికి పట్టేంతసేపు, ఏడు నిమిషాలు, అలా ఆగి కలం తీసింది. చివరి గంట మోగేసరికి ఇంకా రాస్తూనే ఉంది. ఆఖరి వాక్యం సగంలో ఉండగా కాగితం లాక్కున్నారు.

సాయంత్రం బస్సు దిగి గదికి కూడా పోకుండా సందులోకి నడిచింది. ఖాసీం సాహెబు వరండాలో లేడు. మెట్టు దిగి, సందు మలుపులో నిలబడి ఉన్నాడు. ఎప్పటినుంచి నిలబడ్డాడో ఏమో.

ముగించలేకపోయానని, ఆఖరి వాక్యం మిగిలిపోయిందని ఆమె చెప్పింది. ఆయన ఆ సంగతి పట్టించుకోలేదు.

"వచ్చినాడా?" అని అడిగాడు.

"వచ్చినాడు తాతా," అంది కుళ్ళాయమ్మ. "నీళ్ళు తాగే వచ్చినాడు."

ఖాసీం సాహెబు తల ఊపాడు. ఇద్దరూ వరండా ఎక్కి, చేటకు చెరో పక్క కూర్చున్నారు.