మూడు వేసవుల దారి

అనగనగా నల్లరాళ్ల కొండ దిగువన ఒక అడవిదున్నల మంద ఉండేది. పిల్లలూ, ఎండలు ముదిరితే ఆ మంద నీళ్లు వెతుక్కుంటూ కదలాలి. నడకకు ఒక కట్టుబాటు ఉంది. మగవి ముందు, ఆడవి దూడలతో వెనక.

మందకు పెద్ద కరకయ్య. బలం ఉంది కానీ ముక్కు మొద్దు. నీటి వాసన పట్టేది వెనక నడిచే నేరేడమ్మ. దారి తోచనప్పుడల్లా కరకయ్య, "ఆగండి, దూడల్ని చూసొస్తా!" అనేవాడు. వెనక్కి వచ్చి, "అమ్మీ, ఎటు?" అని గుసగుసలాడేవాడు. ఆమె మూతి చాచి చూపేది.

ఒకటి కాదు, రెండు కాదు, మూడు వేసవులు అలాగే గడిచాయి. "ముక్కంటే కరకయ్యదే!" అని మందంతా మెచ్చుకునేది.

నాలుగో వేసవికి కరకయ్యకు చూపు తగ్గింది. కొత్త పెద్దను ఎన్నుకోవాలి. నేరేడమ్మ అతని దగ్గరికి వెళ్లింది.

"మావా, నేనూ నిలబడతాను. దారి చూపింది నేనని ఒక్క మాట చెప్పు, చాలు."

"చెప్పకపోతానా, పిచ్చిదానా!" అన్నాడు కరకయ్య.

మంద కూడింది. ఇన్నాళ్లూ దారి చూపింది తానేనని, పెద్దగా తానూ నిలబడతానని నేరేడమ్మ చెప్పింది.

"ఎప్పుడైనా ముందు నడిచావా? అనుభవం ఏదీ?" అంది ఒక దున్న.

"నడవనిస్తేగా!" అంది నేరేడమ్మ.

"పాలు మానని దూడ ఉంది. నీకెందుకమ్మా ఈ తిప్పలు?" అంది రెండోది.

"దారి నువ్వు చూపావా? సాక్షి ఎవరు?" అంది మూడోది.

నేరేడమ్మ కరకయ్య వైపు చూసింది. నిజం చెబితే అతని మూడు వేసవుల పేరు పోతుంది. కరకయ్య తల తిప్పుకొని నెమరు వేస్తూ కూర్చున్నాడు.

పడుచు దున్న ఉద్దండుడిని మందకు పెద్దగా ఎన్నుకున్నారు. నడక మొదలైంది.

"నీటి వాసన తూర్పు నుంచి వస్తోంది!" అని వెనక నుంచి అరిచింది నేరేడమ్మ.

"వెనకున్నవాళ్లకు ముందు సంగతేం తెలుసు?" అని నవ్వాడు ఉద్దండుడు. మందను పడమటి చెరువుకు నడిపించాడు.

మూడోరోజు చేరారు. చెరువులో పగుళ్లిచ్చిన మట్టి తప్ప ఏమీ లేదు. దూడలు ఒక్కొక్కటే ఒరిగిపోయాయి. నేరేడమ్మ దూడ తల్లి పొదుగు కింద మూతి పెట్టి, అలాగే కూలిపోయింది.

కరకయ్య కూడా కూలబడ్డాడు. "చెప్పాల్సింది, అమ్మీ," అన్నాడు.

"ఇప్పుడు ఎవరికి చెబుతావు, మావా?" అంది నేరేడమ్మ.

అతను మళ్లీ లేవలేదు.

అప్పుడు ఉద్దండుడు గొంతు సవరించుకున్నాడు. "ఆగండి, దూడల్ని చూసొస్తా!" అన్నాడు.

చూడటానికి దూడలు లేవు. అయినా వెనక్కి వచ్చాడు.

"అత్తా, ఎటు?" అని గుసగుసగా అడిగాడు.

నేరేడమ్మ మిగిలినవాళ్ల ఎండిన నాలుకలు చూసింది. తూర్పుకు మూతి చాచింది. మంద బతికింది.

మరుసటి వేసవి మళ్లీ కూడారు. "ఈసారి పెద్ద ఎవరు?"

"ఉద్దండుడే! ముందు నడిచిన అనుభవం ఉందిగా!" అన్నాయి దున్నలన్నీ.

నేరేడమ్మ వెళ్లి వెనక నిలబడింది. ఆమె పక్కన దూడ లేదు.

నీతి: ఒకరి సమర్థతను చెవిలో ఒప్పుకుంటే చాలదు, పదిమందిలో చెప్పాలి. చెప్పాల్సిన రోజున మూసుకున్న నోరు, తర్వాత ఎంత తెరిచినా ఎవరికీ అక్కరకు రాదు.