గవిని దగ్గర మెడ తిప్పిన పిలుపులమ్మ

మూగేటి వంతెన దగ్గర బస్సు దిగి, తుమ్మచెట్ల నడుమ అరగంట నడిస్తే ఏడువాడల పట్నం తూర్పు గవిని కనిపిస్తుంది. గవిని అంటే కోటగోడలోని పట్నవాకిలి. దాని తలుపులు ఏనాడో పోయాయి, రాతి కమాను మాత్రం నిలిచింది. ఆ కమాను కింద, బండి ఆకారంలో చెక్కిన రాతిగద్దె మీద పిలుపులమ్మ కొలువై ఉంది. అమ్మవారి ఒళ్లు తూర్పుకు, అంటే పట్నం విడిచి పోయే దారికి తిరిగి ఉంటుంది. ముఖం మాత్రం ఎడమ భుజం మీదుగా వెనక్కు తిరిగి పట్నాన్ని చూస్తూ ఉంటుంది. అందువల్ల బయటినుంచి వచ్చినవారికి మొదట కనబడేవి అమ్మవారి చెవికమ్మ, జడ, ఒక బుగ్గ మాత్రమే. కొందరు భక్తులు ఆ చెవికే దండం పెట్టి, ఫోటో తీసుకుని, వచ్చిన బస్సులోనే తిరిగి వెళ్లిపోతారు. మొర పెట్టుకున్నది చెవికే కాబట్టి వారి రాక పూర్తిగా వృథా కాదు. అయితే ముఖదర్శనం కావాలంటే గవిని దాటి పట్నంలోకి వెళ్లి, అక్కడినుంచి అమ్మవారి వైపు తిరిగి చూడాలి.

లోపల ఏడు వాడలున్నాయి. ముందు నేతవాడ. ఇంటికొక మగ్గం గుంట ఇప్పటికీ కనిపిస్తుంది, వానాకాలంలో వాటిలో కప్పలు కాపురం పెడతాయి. కంచరివాడలో కొలుముల నల్లమసి గోడలను విడవలేదు. కుమ్మరివాడ చివర కుండలు కాల్చిన పాత ఆవం దిబ్బ ఉంది. గాజులవాడలో ఒక్క వాన పడితే చాలు, ఎర్రవీ పచ్చవీ గాజుపెంకులు మట్టిలోంచి తేలుతాయి. పూలవాడలో నీరు లేని మెట్లబావి, అంగళ్లవాడలో రెండు బారుల రాతి స్తంభాలు, కోటవాడలో పైకప్పు కూలిన ఏనుగుల సాల చూడదగినవి. వీటిని చూస్తూ నడిచేవారికి తమ అడుగుల చప్పుడు తప్ప మరొకటి వినిపించదు. మనసు దిగులు పడితే భయపడనక్కరలేదు, ఈ క్షేత్రంలో దిగులు కూడా ప్రసాదమే.

పూర్వం ఇక్కడ పొయ్యి రాజని ఇల్లు లేదు. ఏడు వాడలకు ఏడుగురు పెద్దలు, ఏడు కట్టుబాట్లు. ఒక వాడ పెళ్లికి మరొక వాడవారు భోజనానికి వెళ్లేవారే గాని పెత్తనానికి వెళ్లేవారు కారు. ఏడు వాడలూ తమవని చెప్పుకునేవి రెండే. ఒకటి నడుమ కూడలిలోని అమ్మవారి గుడి. రెండవది ఆ గుడి వెనుకగోడకు చేరవేసిన గుడిసెలో ఉండే మంత్రసాని సూరక్క.

సూరక్కకు చిన్నతనంలోనే భర్త పోయాడు. బిడ్డలు లేరు. తల్లి నేర్పిన పనినే పట్టుకుని డెబ్బై దాటింది. కోటవాడ దొరబిడ్డయినా కుమ్మరివాడ బిడ్డయినా నేల మీద పడేముందు ఆమె చేతుల్లో పడవలసిందే. మంత్రసానితనం ఒప్పుకున్నాక ఏదొచ్చినా పట్టాలంటారు. ఆమె యాభై ఏళ్లు పట్టింది, ఒక్కనాడూ ముఖం చిట్లించలేదు. వారానికి రోజులు ఏడు, పట్నానికి వాడలు ఏడు గనుక రోజుకొక వాడనుంచి ఆమెకు కూడు వచ్చేది. సోమవారం నేతవాడ సంగటి, మంగళవారం కంచరివాడ జొన్నరొట్టె, అలా తిరిగి తిరిగి ఆదివారానికి కోటవాడ వరన్నం. ఏ వాడ కూడు తింటే ఆ రోజుకు ఆమె ఆ వాడ మనిషి. ఈ ఏర్పాటు చూసి, ఇంతమంది ఉన్న ముసలిది మరొకతె లేదని అందరూ అనేవారు. ఆమె కూడా అలాగే అనుకునేది.

ఆమె పనికి ఒక నియమం ఉండేది. మంత్రసాని పిలవకుండా ఏ గడపా తొక్కకూడదు, తొక్కితే ఆ ఇంట పురుడు కష్టమవుతుందని నమ్మకం. పిలుపు వచ్చేదాకా మూట సిద్ధం చేసుకుని అరుగు మీద కూర్చోవాలి. పిలుపు వచ్చాక తింటున్న చెయ్యి కడుక్కోకుండానైనా లేవాలి. నొప్పులు పడే గొంతు గోడ అవతలినుంచి వినిపిస్తున్నా సూరక్క కదిలేది కాదు. ఎవరో ఒకరు వచ్చి "సూరక్కా, రా" అనాలి. ఆ రెండు మాటల మీదనే ఆమె బతుకంతా నడిచింది.

అలా ఉండగా మూగేరు దారి మార్చింది. ఒక వరద తీసేసరికి నది క్రోసెడు దూరం తూర్పుకు జరిగిపోయి, పట్నం పక్కన ఇసుక మాత్రం మిగిలింది. మూడేళ్లకు మెట్లబావి అడుగు కూడా తేలింది. పట్నం మొత్తం కొత్త ఒడ్డుకు తరలిపోవాలని ఏడుగురు పెద్దలూ తీర్మానించి, ముహూర్తం పెట్టించారు. ఇల్లు విడిచే రోజున పాత పొయ్యి రాజేయకూడదు, నిప్పును మాత్రం కుండలో పట్టుకుపోవాలి, అక్కడే కొత్త పొయ్యి మీద వండాలి. ఇది అప్పటి ఆచారం. కాబట్టి ఆ రోజు పట్నంలో వంట లేదు. వంట లేదు గనుక సూరక్కకు కూడు పెట్టవలసిన వంతు ఏ వాడదీ కాదు. పదిమంది చేరిన చోట పాము చావదన్నట్టు, ముసలిదాన్ని నేతవారు కంచరివారితో వస్తుందనుకున్నారు, కంచరివారు కుమ్మరివారితో వస్తుందనుకున్నారు. ఏడో వాడ కూడా మొదటి వాడనే నమ్ముకుంది. ఇందులో ఎవరి దుర్మార్గమూ లేదు, అదే ఈ కథలో మరీ బాధ కలిగించే సంగతి.

సూరక్క ఆ రోజు తెల్లవారకముందే తలంటుకుని, ఉన్న రెండు కోకల్లో మంచిది కట్టుకుని అరుగు మీద కూర్చుంది. పక్కన మూట. అందులో కొడవలి, ఆముదం బుడ్డి, నూలు దారం, మెత్తబడిన పాతగుడ్డలు. బండ్లు ఒక్కొక్కటే ఆమె ముందునుంచి కదిలాయి. ఆమె చేతుల మీద పుట్టినవారు, వారికి పుట్టినవారు, కొందరి విషయంలో వారికీ పుట్టినవారు నిప్పుకుండలు పట్టుకుని నడిచారు. చూసిన ప్రతివారూ చెయ్యెత్తి, "ముందు పోతాండాం సూరక్కా" అన్నారు. ఆమె తలూపింది. "రా" అని ఎవరూ అనలేదు.

అడిగితే నోటి ముత్యాలు రాలవు గదా అని మనకనిపించవచ్చు. నేనూ వస్తానని ఒక్క మాటంటే ఏ బండివాడైనా చెయ్యందించి ఎక్కించుకునేవాడే. కానీ యాభై ఏళ్లు పిలిస్తేనే లేచిన మనిషికి పిలవకుండా లేవడం రాలేదు. ఇంత చాకిరీ చేసిన తాను అడిగి ఎక్కడమేమిటని కొంత పౌరుషం కూడా ఉండి ఉంటుంది. అన్నిటికంటే వెనుక అమ్మవారి బండి కదిలింది. పూజారి ఆదెన్న దాని పక్కన మంత్రాలు చదువుకుంటూ, తల ఎత్తకుండా వెళ్లిపోయాడు. దుమ్ము అణిగింది. ఎండ అరుగు ఎక్కింది. సూరక్క మూట ఒడిలోకి తీసుకుని మరికొంతసేపు ఎదురుచూసింది.

తర్వాత లేచి గుడిలోకి తొంగి చూసింది. అమ్మవారు ఉండవలసిన చోట నూనె మరకల పీఠం మాత్రం ఉంది.

"నువ్వు గూడా పిలవకనే పోతివే తల్లీ" అంది.

అప్పుడామెకు ఏడుపు వచ్చింది. ఏడిస్తే ఊరుకోబెట్టేవారు లేరని తెలిసి, కాసేపటికి తానే ఊరుకుంది. మూట చంకన పెట్టుకుని వాడలు తిరగసాగింది. నేతవాడలో మగ్గాలు లేని గుంటలు చూసింది, ఒక గుంట పక్కనే ఒకప్పుడు కవలలను పట్టిన సంగతి గుర్తుకొచ్చింది. కంచరివాడలో సుత్తిదెబ్బల నడుమ బిడ్డ ఏడుపు వినబడక తల్లి కంగారుపడిన ఇల్లు చూసింది. గాజులవాడలో పగిలిన గాజులు కాలికి గుచ్చుకున్నాయి. తలుపులన్నీ బార్లా తెరిచే ఉన్నాయి. ఏ ఇంట్లోకైనా వెళ్లి నీడన కూర్చోవచ్చు, అడ్డుపెట్టేవారు లేరు. అయినా ఆమె ఒక్క గడప కూడా తొక్కలేదు. ప్రతి వాకిట్లో కాసేపు ఆగి, లోపలినుంచి పిలుపేదైనా వస్తుందేమోనన్నట్టు నిలబడి, ముందుకు కదిలింది. పొద్దుటినుంచి కడుపులో కూడు లేదు. మెట్లబావిలో నీరు లేదు. ఏడో వాడ అయిన కోటవాడకు చేరేసరికి ఏనుగుల సాల గోడకు ఆనుకుని కూలబడింది.

అక్కడ గవిని దగ్గర జరిగినది ఆమెకు ఆ తర్వాత తెలిసింది. ముందు బండ్లన్నీ దాటాయి, అమ్మవారి బండి కమాను కింద ఆగిపోయింది. ఎద్దులను మార్చారు, చక్రాలకు ఆముదం పోశారు, ఏడు వాడల మగవారూ భుజం పెట్టారు. బండి జానెడు కదలలేదు. మిట్టమధ్యాహ్నం ఆదెన్న అలసి గోడనీడలో కునుకు తీశాడు. ఆ కునుకులో అమ్మవారు కనిపించి, ఒకరు తక్కువయ్యారని చెప్పింది. అతడు లేచి పెద్దలను అడిగాడు. ఏడుగురూ తమ తమ వాడల తలలు లెక్కపెట్టి, అందరూ ఉన్నారన్నారు. రెండోసారి లెక్కపెట్టినా అంతే. ఆదెన్న మళ్లీ కళ్లు మూసుకుని కూర్చున్నాడు. ఈసారి అమ్మవారు వాడల ఊసు ఎత్తలేదు, వీళ్లందరినీ ఈ నేల మీద మొదట ఎత్తుకున్న చేతులేవని మాత్రం అడిగింది.

ఆ ప్రశ్న ఆదెన్న పైకి చెప్పగానే అందరికీ సూరక్క గుర్తొచ్చింది. మీతో రాలేదా అంటే మీతో రాలేదా అని ఏడు నోళ్లూ ఒకటే మాట అన్నాయి. కుమ్మరివాడ పెద్ద గురవయ్య తలపాగా విప్పి నేల మీద పెట్టి, వెనక్కు పరుగెత్తాడు. యాభై ఏళ్లకింద సూరక్క పట్టిన మొదటి బిడ్డ అతడే.

గుడిసె ఖాళీగా ఉంది. అతడు ప్రతి వాడలోనూ పేరు పెట్టి పిలుస్తూ తిరిగాడు. కోటవాడలో సూరక్క చెవికి ఆ గొంతు దూరంగా వినబడింది. "సూరక్కా, రా." ఆమె గోడ పట్టుకుని లేచింది, మూట వెతుక్కుని చంకన పెట్టుకుంది, గుడ్డలు సర్దుకుంది. గురవయ్య ఎదురుపడేసరికి పనికి సిద్ధమై నిలబడి ఉంది.

"ఎవురికి నాయనా నొప్పులు?" అని అడిగింది.

"ఎవురికీ గాదు సూరక్కా. నిన్నే పిల్చుకపోదామని వచ్చినా."

"యాభై ఏండ్లుగా పిలుస్తానే ఉండారు నాయనా. నా కోసరం పిలిచింది ఇదే మొదలు" అని, చంకలో మూట తీసి అతడి చేతికిచ్చింది. మూట లేకుండా ఆమె పట్నవీధుల్లో నడవడం కూడా అదే మొదలు.

గవిని చేరేసరికి పొద్దు పడమటికి వాలింది. జనమంతా రెండు పక్కలా తల వంచుకుని నిలబడ్డారు. ఏడుగురు పెద్దలూ ఒక్కసారిగా మా బండెక్కమంటే మా బండెక్కమన్నారు. సూరక్క నవ్వి, ఇన్ని బండ్లు ఎట్లా ఎక్కేదని, కాస్త ఊపిరి తీసుకుని చెబుతానంది. అమ్మవారి బండి చక్రానికి వీపు ఆనించి కూర్చుంది. ఎవరో మజ్జిగ తెచ్చారు. ఆమె రెండు గుక్కలు తాగి కళ్లు మూసుకుంది. మళ్లీ తెరవలేదు. ఆ రోజు ఆమెకు ఎవరూ కూడు పెట్టలేదన్న సంగతి, ముంత పక్కన పెడుతుండగా అందరికీ తట్టింది.

ఆమెను గవిని పక్కనే సమాధి చేసి, మళ్లీ బండికి భుజం పెట్టబోయినప్పుడు గాని ఎవరూ అమ్మవారి ముఖం చూడలేదు. అది వెనక్కు తిరిగి ఉంది. ఎప్పుడు తిరిగిందో చూసినవారు లేరు. ఆదెన్న ఎద్దులను విప్పించాడు. ఒంటరిగా వదిలేసిన మనిషికి తోడుగా అమ్మవారు ఉండిపోతోందని, తమకు మాత్రం ఆ తోడు అడిగే ముఖం లేదని చెప్పి, జనాన్ని దేవత లేకుండానే నడిపించాడు. కొత్త ఒడ్డున కట్టిన గుడిలో పీఠాన్ని ఖాళీగానే ఉంచారు. నేటికీ అక్కడ పూజలు ఆ పీఠానికే జరుగుతాయి.

ఆదెన్న వంశంవారే ఇక్కడ అర్చకులు. రోజూ ఉదయం అమ్మవారికి మేలుకొలుపు పాడేముందు పూజారి పట్నం వైపు తిరిగి "సూరక్కా, రా" అని పిలిచి, జవాబు కోసం ఆగినట్టు కొద్దిసేపు ఆగుతాడు. చుట్టుపక్కల ఏడు ఊళ్లు వారంలో రోజుకొకటి చొప్పున నైవేద్యం తెస్తాయి. అందులో మొదటి ముద్ద సూరక్క సమాధికి పెడతారు. పట్నం తరలిన రోజు గుర్తుగా ఏటా జరిపే, పొయ్యి రాజేయని పండుగనాడు సైతం ఏడు ఊళ్లూ అటుకులు తెస్తాయి. ఆ రోజు వంతు అందరిదీ.

తిరిగి వెళ్లేవారికి ఒక నియమం ఉంది. ఈ పట్నంనుంచి పిలవకుండా ఎవరూ బయటికి రాకూడదు. కుటుంబంలో పెద్దవారు ముందుగా గవిని చేరి అమ్మవారి పక్కన నిలబడి, లోపల ఉన్న తమవారిని ఒక్కొక్కరినే పేరు పెట్టి పిలవాలి. గర్భిణులను ఇలా పిలిస్తే సుఖప్రసవం అవుతుందని, మాటలు లేని అన్నదమ్ములు పిలుచుకుంటే ఏడాది తిరగకముందే ఒకే పంక్తిలో భోజనం చేస్తారని పెద్దలు చెబుతారు.

తోడెవరూ లేకుండా వచ్చినవారిని పూజారే పిలుస్తాడు. ఆ పిలుపు విని తల ఎత్తినప్పుడు ఎదురుగా అమ్మవారి ముఖం పూర్తిగా కనిపిస్తుంది. ఒంటరిగా వచ్చినవారు లోపలికి వెళ్లేముందు పూజారికి తమ పేరు చెప్పి వెళ్లవలసిందిగా మనవి. సిగ్గుపడనక్కరలేదు, అడిగితే నోటి ముత్యాలు రాలవు.