ఎర్ర రిబ్బన్ల సంచి

వరసగా మూడో పోటీలో కూడా ఝాన్సీ రెండోదిగానే వచ్చింది.

ఆ అమ్మాయి రాజమండ్రిలో ఒక కొరియర్ ఆఫీసులో పనిచేస్తుంది. ఫోనులో వీడియోలు చూసుకుంటూ పరిగెత్తడం తనంతట తనే నేర్చుకుంది. ఇక వీడియోల వల్ల కాదని తెలిశాక సుగుణ టీచరు దగ్గరికొచ్చింది. సుగుణ టీచరు బళ్లో డ్రిల్లు నేర్పి రిటైరయిన మనిషి. పొద్దున్నే గోదావరి గట్టు మీద పరిగెత్తేవాళ్లందరికీ ఆవిడే గురువు. మెళ్లో ఈల ఉంటుంది. నోట్లో మాట తక్కువ.

"నాలో ఏం తక్కువో చెప్పండి టీచరుగారూ," అంది ఝాన్సీ. "కాళ్లా? ఊపిరా? తిండా? ఏదో ఒకటి చెప్పండి, సరిచేసుకుంటాను. ఆదివారం మారేడుమిల్లిలో నేను ఫస్టు రావాలి."

టీచరు బూట్లలో ఇసక దులుపుకుంటోంది. పక్కనున్న గుడ్డసంచి తీసి ఝాన్సీ ఒళ్లో పెట్టింది. ఖాళీ సంచి.

"ఆదివారం నువ్వు పరిగెత్తడం లేదు. నాతోపాటు వెనకాల వస్తున్నావు."

ఝాన్సీ నవ్వింది. టీచరు నవ్వలేదు.

"వానాకాలమంతా నేను తడుస్తూ పరిగెత్తింది ఈ పోటీకోసమేనండీ!"

"జలుబు తగ్గిందా మరి?" అని టీచరు లేచి వెళ్లిపోయింది.

*

ఏటా కార్తీకం మొదట్లో మారేడుమిల్లి అడవిలో ఆ పరుగు పెడతారు. రోడ్డు కాదు, కొండదారి. దారి తెలియడానికి చెట్లకీ పొదలకీ ఎర్ర రిబ్బన్లు కడతారు. అందరికంటే వెనక ఇద్దరు నడుస్తూ, ఆ రిబ్బన్లు విప్పి సంచిలో వేసుకుంటారు. వాళ్లు దారి చెప్పకూడదు, చెయ్యి పట్టుకు నడిపించకూడదు. సంచికి ముందున్నంతసేపూ పోటీలో ఉన్నట్టు. సంచి దాటి వెళ్లిపోయిందంటే లేనట్టు. సాయంత్రం అయిదింటికి అడవి గేటు మూస్తారు. సంచి ఆలోగా గేటు దాటాలి. సంచి వెనక మనిషి మిగలకూడదు.

ఆ ఏడు అందరికంటే వెనకబడింది వరహాలు. కొవ్వూరులో మందుల షాపు నడుపుతుంది. ఒళ్లు కాస్త భారీ, నోరు ఇంకా భారీ.

"ఏవమ్మాయ్, మీరిద్దరూ అలా వెనకాలొస్తుంటే పెళ్లికూతుర్ని సాగనంపుతున్నట్టుందే!" అంది మొదట్లోనే. "పోయినేడు నన్ను సగంలో వ్యాను ఎక్కించేశారు. అప్పట్నుంచీ మా ఆయన 'వ్యాను వరహాలూ' అని పిలుస్తాడు, షాపుకొచ్చినవాళ్ల ముందర కూడా. ఈసారి నా కాళ్లతో గేటు దాటి, ఆయన నోరు మూయించాలి."

ఝాన్సీ ముందు వెళ్లినవాళ్ల బూటుగుర్తులు చూస్తోంది. ఈపాటికి వాళ్లు మూడో కొండ దిగుతుంటారు. తనుంటే నాలుగోది ఎక్కుతుండేది.

పైగా రిబ్బన్లన్నీ మోకాలి ఎత్తులో ఉన్నాయి. ఒక్కోదానికీ వంగాలి.

"ఇంత కిందన ఎవరు కట్టారండీ? నడుం పోతోంది."

"నేనే," అంది టీచరు.

మధ్యాహ్నానికి మంచు కమ్మింది. వెదురుపొదలు పదడుగుల అవతల కనబడటం మానేశాయి. వాగు దగ్గర నీళ్లిచ్చే చోట టీచరు ఆగింది. ఖాళీ క్యాన్లు సర్దాలి.

"నువ్వు నడుస్తూ ఉండు, వస్తాను. ఆవిణ్ణి మాత్రం దాటకు."

"ఆవిణ్ణి దాటకుండా ఉండటమే కష్టం," అని గొణిగింది ఝాన్సీ.

నడిచింది. విప్పింది, వేసింది. విప్పింది, వేసింది. కోపం చేతుల్లోకొచ్చి పని చురుగ్గా సాగింది. దారి చీలిన చోట కుడివైపు తిరిగి, అక్కడి రిబ్బన్లు కూడా విప్పేసుకుని పైకెక్కింది. ఎక్కాక ఒక్క క్షణం మంచు విడింది. ముందున్నదంతా బోడిరాయి. చాలా దూరం కనబడుతోంది.

దాని మీద ఎవరూ లేరు.

"వరహాలుగారూ!"

కొండ కూడా పలకలేదు.

సంచి పట్టుకుని వెనక్కి పరిగెత్తింది. చీలిక దగ్గర టీచరు ఎదురయింది.

"ఆవిడేది?"

"ముందుందనుకున్నాను..."

"చూశావా?"

ఝాన్సీ తల అడ్డంగా ఊపింది.

టీచరు నేల వైపు చూసింది. వెనక వాగులోకి దిగే మెట్టు దగ్గర గడ్డి నలిగి ఉంది. పిక్క పట్టేస్తే తడుపుకోడానికి వరహాలు పక్కకి దిగినట్టుంది. ఆ కాసేపట్లోనే సంచి ఆవిణ్ణి దాటిపోయింది. ఆవిడ మళ్లీ దారెక్కి ఇక్కడికొచ్చేసరికి రిబ్బనన్నది లేదు. ఎడమవైపు బురదలో ఒంటరిగా ఒక జత బూటుగుర్తులు, లోయలోకి.

ఝాన్సీకి అర్థమైంది. ఆవిడ అడవిలో తప్పిపోయింది. తప్పిపోకపోయినా, సంచి దాటిపోయింది కాబట్టి పోటీలో లేదు. రెండూ తన చేతులతోనే.

"నేను దిగి వెతుకుతాను!"

"మంచులో నువ్వూ తప్పిపోతే ఇద్దర్ని వెతకాలి."

టీచరు ఈల ఊదింది. ఆగి విన్నారు. మళ్లీ ఊదింది. చాలా కిందనించి, "ఓయ్... ఇక్కడేనండీ!" అని సన్నగా వినబడింది.

"నన్ను తిట్టండి టీచరుగారూ. ఏదో ఒకటి అనండి."

టీచరు సంచిలో చెయ్యి పెట్టి గుప్పెడు రిబ్బన్లు తీసి ఝాన్సీ చేతిలో పెట్టింది.

"కట్టు."

ఝాన్సీ చీలికలో కుడిపక్క చెట్టుకి, తన కళ్ల ఎత్తులో, ఎర్రగా కనబడేలా గట్టిగా ముడేసింది. తరవాతి చెట్టుకి కూడా అలాగే. పైన రాయి దాకా కట్టుకుంటూ పోయి వెనక్కొచ్చేసరికి, టీచరు మోకాళ్ల మీద కూర్చుని ఉంది. ఝాన్సీ వేసిన మొదటి ముడి విప్పి, అదే రిబ్బన్ను కింద పొదకి కడుతోంది.

"పైనుంటే దూరానికి కనబడుతుందని..."

"అలిసినవాళ్లు తల ఎత్తరు."

ఝాన్సీ కాసేపు ఆ పొదనే చూసింది. తరవాత పరిగెత్తుకుంటూ పైకెళ్లి, కట్టినవన్నీ విప్పి, ఒక్కోదానికీ వంగి కట్టుకుంటూ దిగింది.

ఇద్దరూ చీలికకి వెనకున్న వెదుళ్ల చాటుకి తప్పుకున్నారు. సంచి మళ్లీ వరహాలు వెనక్కొచ్చింది.

కింద నించి రొప్పు వినబడింది. మంచులోంచి వరహాలు వచ్చింది. మోకాళ్ల దాకా బురద, ఒక చెయ్యి నడుం మీద. చీలికలో ఆగింది. ఇటు తిరిగింది. అటు తిరిగింది. చూపు నేల మీదే ఉంది.

"అటు..." అనబోయింది ఝాన్సీ. టీచరు ఆమె మణికట్టు పట్టుకుంది.

వరహాలు కూర్చుంటుందేమో అనిపించింది. మోకాళ్లు వంచింది కూడా. కూర్చుంటే ఇక లేవదని ఝాన్సీకి తెలుసు. ఊపిరి బిగబట్టింది. తన మూడు పరుగుల్లోనూ, ముందున్న మనిషి వీపు చూస్తూ గీత దాటిన మూడుసార్లూ, గుండె ఇలా కొట్టుకోలేదు.

వంగిన వరహాలు అలాగే ఆగిపోయింది. పొద మీది రిబ్బన్ను చేత్తో ముట్టుకుంది.

"ఇక్కడున్నావే దొంగముండా," అంది దాంతో. కుడివైపు ఎక్కడం మొదలుపెట్టింది.

టీచరు మణికట్టు వదిలింది.

*

ఆ తరవాత ఝాన్సీ ఒక్క రిబ్బన్ కూడా వరహాలు వీపు చూడకుండా విప్పలేదు. వరహాలు ఆగితే ఆగింది. నడిస్తే నడిచింది. వెలుగు తగ్గుతోంది. చివరి కొండ మీద వరహాలు నాలుగడుగులకోసారి ఆగుతుంటే, గేటు గుర్తొచ్చి ఝాన్సీ పెదవి కొరుక్కుంది. ఒక్కసారి తోస్తే! చెయ్యి పట్టుకు లాగితే! సంచి పట్టీని రెండు చేతులా పట్టుకుని ఊరుకుంది.

మలుపు తిరిగేసరికి గేటు కనబడింది. ఫారెస్టు గార్డు గొలుసు చేతిలో పట్టుకుని నిలబడ్డాడు. అప్పటికే టెంటు విప్పేశారు, కుర్చీలు లారీలో వేస్తున్నారు. చప్పట్లు కొట్టడానికి ఎవరూ మిగల్లేదు.

"రండమ్మా రండి, టైమైపోయింది!" గార్డు గొలుసు ఆడించాడు.

వరహాలు పరిగెత్తింది. దాన్ని పరుగంటారో లేదో గాని, రెండు పాదాలూ నేల విడిచాయి. గేటు దాటి గార్డు భుజం పట్టుకుని నిలబడిపోయింది. "ఫోటో తీయవయ్యా, ముందు ఫోటో తీయి! గేటు కనబడాలి! వ్యాను కనబడకూడదు!"

ఆవిడ వెనకాల సంచి దాటింది. గార్డు గొలుసు బిగించి తాళం వేశాడు.

పేర్లు రాసుకునే కుర్రాడు కాగితాలు పట్టుకుని వచ్చాడు. ఝాన్సీని చూసి ఆశ్చర్యపోయాడు. "ఇదేంటండీ, మీరు ఈసారి పరిగెత్తలేదా? మీరుంటే ఫస్టు మీదేనని అందరూ అనుకున్నారు."

ఝాన్సీ నుదుటి మీది చెమట తుడుచుకుంది. టీచరు బండరాయి మీద కూర్చుని బూటు తాళ్లు విప్పుకుంటోంది. ఇటు చూడలేదు.

"సరే, అందరికంటే చివర వచ్చిందెవరండీ? రాసుకుంటాను."

వరహాలు అలవాటుగా చెయ్యెత్తింది. "నేనే బాబూ, ఇంకెవరుంటారు!"

"కాదండీ," అంది ఝాన్సీ. సంచి భుజానికి సర్దుకుంది. "ఆవిడ వెనకాల నేనున్నాను."